ఎవలింటిది?

మొన్న మనవరాలు పట్టుబట్టి నన్ను పట్నంలో ఒక పెద్ద మ్యూజియానికి తీసుకుపోయింది. గదులన్నీ చల్లగానే ఉన్నాయి, నా కాళ్ళు మాత్రం గుంజాయి. ఒక అద్దాల పెట్టెలో మట్టి గాబు కనబడింది. మా దిక్కు గాబే. మూతి కింద వేలి నొక్కుల వరస చూడగానే తెలిసిపోయింది. దాని ముందర చిన్న చీటీ పెట్టారు: "ధాన్యం పాత్ర. తెలంగాణ పల్లె ప్రాంతం. దాత వివరాలు తెలియవు." అది చదివి నేను పైకే నవ్వాను. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

"ఏమైంది తాతా?" అంది పిల్ల సిగ్గుపడుతూ.

"టప్పా తాత ఉంటే ఈ చీటీ రాసినాయనకు ఈ పూట అన్నం దిగనిచ్చేవాడు కాదు" అన్నాను.

"టప్పా తాత ఎవరు?"

కారులో ఇంటికి చేరేలోగా చెప్పగలిగే సంగతి కాదది. అందుకే రాస్తున్నాను.

నిజాం సర్కారు ఏలుబడి. జర్మనీ యుద్ధం జరుగుతున్న ఏళ్ళు. మాది అచ్చంపేటకు ఇవతల ఒక చిన్న ఊరు. మేం సాలోళ్ళం. నాకప్పటికి ఇరవై దాటాయి, పెళ్ళయింది, బాపు మగ్గం పక్కన నా మగ్గం నాకుండేది. గుంట మగ్గం కదా, నడుము దాకా భూమిలో కూర్చుని నేస్తాం. కిటికీ బజారు నేలకు జానెడు ఎత్తునే ఉంటుంది. కాబట్టి దారిన పోయేవాళ్ళను మేము మొహం చూసి కాదు, కాళ్ళు చూసి గుర్తుపడతాం. టప్పా తాత కూడా నాకు మొదట కాళ్ళుగానే తెలుసు. చెప్పుల్లేని పాదాలు, నరాలు తేలిన పిక్కలు. ఆయనది నడక కాదు, పరుగూ కాదు. చిన్న చిన్న అడుగులు, తెగకుండా పడేవి. చెంబు పట్టుకుని పెరట్లోకి పోయినా అదే వేగం.

"ఏం కొంప మునిగింది తాతా?" అని నేను గుంటలోనుంచి కేకేసేవాణ్ణి.

"టప్పా ఆగుతదా పిలగా?" అంటూనే దాటిపోయేవాడు.

టప్పా అంటే ఇప్పటి పోస్టు. జడ్చర్లలో రైలు దించిన ఉత్తరాల సంచి చేతులు మారుతూ మా దాకా వచ్చేది. ఇక్కడినుంచి అచ్చంపేటకు, అక్కడినుంచి గుట్టెక్కి అమ్రాబాదుకు మోసే హర్కారా ఈయన. ఒక భుజాన సంచి, రెండో చేతిలో గజ్జెలు కట్టిన కర్ర. ఆ చప్పుడుకు జంతువులు తప్పుకునేవని అనేవాడు. మనుషులు మాత్రం ఆ చప్పుడు వినే బయటికి వచ్చేవాళ్ళు. నేను చెప్పే రోజులకు ఆయన నౌకరీ అయిపోయి నాలుగైదేళ్ళయింది. సర్కారు బిళ్ళ తిరిగి ఇచ్చేశాడు గానీ కర్ర ఇవ్వలేదు. అడిగితే "బిళ్ళ సర్కారుది, గజ్జెలు నావి" అనేవాడు.

దూరాన్ని కోసుల్లో చెప్పడం ఆయనకు చేతకాదు. భుజాల్లో చెప్పేవాడు. సంచి మోస్తూ మోస్తూ ఒక భుజం నొప్పి పుట్టి రెండో భుజానికి మార్చుకునేంత దూరం ఒక భుజం. అచ్చంపేట ఎంత దూరమంటే "ఆరు భుజాలు" అనేవాడు, "వానకాలమైతె ఏడు." మా పెళ్ళికి అమ్మాయిని చూసి వచ్చి మా బాపుతో "మంచి సంబంధం, మూడు భుజాలే" అన్నాడు. మా ఆవిడ ఇప్పటికీ ఈ మాట మీద నన్ను ఏడిపిస్తుంది.

ఆయన పేరు నాకు తెలుసు. రాసినా లాభం లేదు, ఆ పేరుతో ఆయనను పిలిచినవాళ్ళు ఊళ్ళో లేరు. ఏ ఊరివాడని, ఏ కులపోడని అడిగితే "టప్పా కులం" అని కొట్టిపారేసేవాడు. అడిగినవాళ్ళకు కోపం వచ్చేది. అయినా నీళ్ళు పోసేటప్పుడు ఎంత ఎత్తునుంచి పోయాలో తెలియక ప్రతి ఇంటివాళ్ళూ తికమకపడేవాళ్ళు. అది చూసి ఆయన లోపల్లోపల బాగా మురిసిపోయేవాడని నా అనుమానం.

నౌకరీ అయిపోయాక ఆయన ఎటూ పోలేదు. మా మగ్గాల ఇంటికి ఆనుకుని పాత టప్పా మకాం ఉండేది. ఒంటి గది, ముందర అరుగు. ఖాళీగా పడి ఉంటే అందులో దిగాడు. ఆ గదే అజాయబ్‌ఘర్ అయింది. అంటే వింత వస్తువుల ఇల్లు. పట్నంలో గట్లాంటిది ఉంటుందని ఆయనకు టప్పా మున్షీ ఎవరో చెప్పాడట. ఇన్నేళ్ళు ఊరూరా తిరిగిన మనిషి కదా, జనం పారేయబోతున్నవీ, చెదలు పట్టబోతున్నవీ ఆయన కంటబడేవి. అడిగి తెచ్చుకునేవాడు. ఇచ్చినవాళ్ళు "పాతది, ఏం జేసుకుంటవు?" అనేవాళ్ళు. "జర నా కాడ ఉండనియ్యి" అనేవాడు. "నాకియ్యి" అని ఎన్నడూ అనలేదు.

గదిలో చాలా ఉండేవి గానీ నాలుగు మాత్రం గొప్పవి. ఒకటి కుమ్మరి లచ్చవ్వ ఇంటి గాబు, మనిషి దిగి కూర్చునేంత పెద్దది. రెండోది చెంచులు కొండచరియలకు వేలాడి తేనె తీసే తీగ నిచ్చెన. దాన్ని ఇచ్చిన చెంచాయన, వాళ్ళ తాతలు అల్లిన ముడులు ఇంకా విడలేదని చెప్పాడట. మూడోది మా సాలోళ్ళ కులకథ బొమ్మల పటం. విప్పితే ముప్పై మూరలు. కథ చెప్పేటాయన పిల్లలు లేక పోతూ పోతూ మా ఇంట్లో పెట్టిపోయాడు. నాలుగోది పులి రాయి. నిలువెత్తు కాదు, నా నడుము దాకా వస్తుంది. ఒక మనిషి పులి కడుపులో కత్తి దింపుతున్నాడు, పులి వాని భుజం కొరుకుతోంది. వాని నడుముకు గుండ్రని వస్తువొకటి వేలాడుతోంది. ఊరి బయట వాడలో పెద్దవ్వ, ఎనభై ఏళ్ళ మనిషి, అది డప్పని చెప్పేది. పశువుల మీద పులి పడితే, డప్పు కొట్టి ఊరిని లేపి, తాను మాత్రం పారిపోకుండా నిలబడి చచ్చిపోయినవాడట. ఆమెకు తాతల తాత. దొర ఉండే గడీలో పశువుల కొట్టం పునాదిలో వేయబోతుంటే ఆ రాయిని తాత కూలోళ్ళ కాళ్ళావేళ్ళా పడి తెప్పించాడు. వాడవాళ్ళు ఏటా ఆ గదికే వచ్చి రాయికి నీళ్ళు పోసి, పసుపు పూసి, కోడిని కోసి పోయేవాళ్ళు.

ఆయన చూపించే తీరే వేరు. వచ్చినవాళ్ళు వస్తువు దగ్గరికి పోగానే అడ్డం నిలబడేవాడు. ముందు ఆయన అడగాలి, వాళ్ళు చెప్పాలి. "ఎవలింటిది?" తెలియకపోతే తానే చెప్పేవాడు. ఇల్లు, ఆ ఇంట్లో మనుషులు, ఆ మనుషుల్లో ఎవరు ఎవరితో కొట్లాడారు, అన్నీ అయ్యాకే పక్కకు జరిగేవాడు. ఒక గాబు చూడాలంటే లచ్చవ్వ అత్తగారి కోపం దగ్గరినుంచి వినాల్సిందే. మా అవ్వ ఒకరోజు నోరు జారి "గా పాతకుండ" అంది. తాత ఆమెతో పదిహేను రోజులు మాట్లాడలేదు. ఆయనలో నాకు నచ్చనిది కూడా ఇదే. మహా మొండి మనిషి. మా అవ్వ కండ్లనీళ్ళు పెట్టుకున్నా కరగలేదు. చివరికి ఆమె గాబు ముందు నిలబడి "లచ్చవ్వ ఇంటిది" అన్నాకే ఊరుకున్నాడు.

నాకొకసారి బుద్ధి పుట్టి చీటీలు రాసి అంటించాను. నాలుగక్షరాలు వచ్చినవాణ్ణి కదా, గొప్ప పని చేశాననుకున్నాను. ఆయనకు చదువు రాదు.

"ఏం రాసినవో చదువు" అన్నాడు.

"పాత గాబు."

"ఎవలింటిది?"

"గంత జాగా లేదు తాతా చీటీ మీద."

"చీటీ మీద లేకపోతె గోడ లేదా?"

మూడు రోజులు నా మగ్గం ఆగిపోయింది. ఎర్ర జాజుతో గోడంతా రాశాను. ఆయన చెబుతూ నిలబడ్డాడు, నేను రాస్తూ నిచ్చెన ఎక్కి దిగాను. "కుమ్మరి లచ్చవ్వ ఇంటిది. ఆమె అత్త చేసింది. కరువులో ఊరంతా దీనిలో గంజే తాగింది." పులి రాయి వెనక గోడ మీద వాడ పెద్దవ్వ ఇంటి సంగతి రాయించాడు. మా పటం దగ్గర మా బాపు పేరు కూడా రాయించాడు. బాపు ఆ రోజు పని మానేసి వచ్చి, తనకు చదవడం రాకపోయినా, చాలాసేపు ఆ గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు నాకు తాత చేస్తున్న పని అర్థమైంది. మాలాంటివాళ్ళ పేర్లు గడీ దస్త్రాల్లో వెట్టికి రానివాళ్ళ జాబితాలోనే కనబడేవి. వాటిని ఒక మంచి వస్తువు పక్కన రాయించింది మా ఊళ్ళో ఆయనొక్కడే.

ఇక దొర సంగతి. ఊరిచివర గడీ, అందులో దొర, ఆయన కింద ఒక గుమాస్తా. జిల్లా తాలూక్దారు సాబు, అంటే ఇప్పటి కలెక్టరు వంటి అధికారి, అమ్రాబాదు అడవికి పోతూ మా ఊళ్ళో ఒక పూట ఆగుతాడని కబురు వచ్చింది. ఆయనకు పాత రాళ్ళన్నా పాత సామానన్నా ప్రాణమట. దొర వెంటనే జాబు రాయించాడు. తన గడీలో వంశపారంపర్య వస్తువులున్నాయనీ, పులిని చంపిన తన ముత్తాత శిల్పం ఉందనీ. రాసింది గుమాస్తానే. పది రోజులు తిరగకముందే తాత గదికి తహశీలు నుంచి హుకుం తెచ్చారు. సర్కారు ఇజాజత్, అంటే అనుమతి, లేకుండా నడుపుతున్నారు కాబట్టి మూసెయ్యాలి, సామానంతా గడీలో భద్రపరచాలి.

గుమాస్తా అరుగు మీద నిలబడి హుకుం చదివాడు. చదివాక గొప్పగా ఒక ముక్క కలిపాడు. "రాతిపనోన్ని పిలిపించినం. దొర ఇంటిపేరు రాయి మీద చెక్కుతడు. అప్పుడు దానికి ఇజ్జత్."

తాత ఆ పూట మా ఇంటికి వచ్చాడు. కిటికీలోనుంచి ఆయన కాళ్ళు చూసి నేను గుర్తుపట్టలేదు. అంత మెల్లగా పడుతున్నాయి. గుంట గట్టు మీద కూర్చుని బాపుతో అన్నాడు: "సామాను పోతె పోనియ్యి, నాకేం ఫికర్ లేదు. నేను సచ్చినంక ఎట్లనన్న పోతది. గని గా రాయి మీది పిలగాడు పులితోని కొట్లాడి సచ్చిండు. ఆయన్ని దొర తాతను జేస్తరట. రాయి మీద చెక్కినంక ఎవలు తుడుస్తరు?" బాపు మగ్గం ఆపి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరికీ ఏం చేయాలో తెలియదు. నాకూ తెలియదు.

ఉపాయం మాకు గుమాస్తానే చెప్పాడు, తనకు తెలియకుండా.

తాలూక్దారు వచ్చే రోజు పొద్దున్నే సామాను గడీకి మోయించే పని పెట్టాడు. కూలి ఉండదు, వెట్టి. గుమాస్తా జిందగీ అంతా వెట్టి పంచడంలోనే గడిచింది. ఏ కులం ఏ పని, ఏ చెయ్యి ఏ వస్తువు ముట్టొచ్చు, ఏది ముట్టొద్దు, ఇవి ఆయనకు నిద్రలో లేపి అడిగినా తప్పవు. అలవాటు చొప్పున అట్లాగే పంచాడు. గాబుకు కుమ్మరోళ్ళు. పటానికి సాలోళ్ళు. నిచ్చెన ఎవరూ ముట్టమన్నారు, అడవి వస్తువని. అంగడికి తేనె తెచ్చిన చెంచాయనను పట్టుకొచ్చారు. చూస్తే ఆ నిచ్చెన ఇచ్చినాయనే. పులి రాయి దగ్గర గుమాస్తా ఆలోచించను కూడా ఆలోచించలేదు. నాలుగడుగులు వెనక్కి జరిగి, "వాడోళ్ళను పిలువుండ్రి, గీ రాయిని ఇంకెవలు ముడుతరు?" అన్నాడు. మధ్యాహ్నానికి దొర ముత్తాత కావలసిన రాయి అది.

ఎవరి వస్తువు వాళ్ళ చేతుల్లో పెట్టి, ఇద్దరు జవాన్లను మా వెంట నడవమని, తాను బండెక్కి ముందే గడీకి పోయాడు.

నేను తాత మొహం చూశాను. ఆయన గుమాస్తా బండి మలుపు తిరిగేదాకా చూశాడు. తరువాత ఒక్కొక్కరి దగ్గరికి పోయి, బరువు ఎత్తడానికి సాయం పట్టి, అందరికీ ఒకే మాట చెప్పాడు.

"ఇంటికి తీస్కపో."

లచ్చవ్వ చుట్టూ చూసింది. "పానం తీస్తరు తాతా."

"హుకుం దెచ్చింది వాళ్ళు. సామాను ఇచ్చింది నేను. నీ తప్పేమున్నది? అడిగితె నా పేరు జెప్పు."

ఇద్దరు జవాన్లలో ఒకడు లచ్చవ్వకు అల్లుడు. వాడికి వినబడింది. అత్తవైపు చూశాడు, తాతవైపు చూశాడు, వంగి చెప్పు వారు సరిచేసుకున్నాడు. మేమంతా ముందుకు పోయేదాకా ఆ వారు సరి కాలేదు. రెండోవాడు మొదటివాణ్ణి చూసి తానూ ఆగిపోయాడు.

మా బజారు చివర దారి చీలుతుంది. ఎడమకు గడీ, కుడికి వాడ. అందరికంటే ముందు పులి రాయి పోతోంది. మోకులతో బొంగులకు కట్టి ఎనిమిది మంది మోస్తున్నారు. వాళ్ళ ముందర పెద్దవ్వ కర్ర పట్టుకుని నడుస్తోంది. చీలిక దగ్గర ఆమె ఆగలేదు, తల తిప్పలేదు, ఎవరినీ అడగలేదు. కుడికి మళ్ళింది. ఎనిమిది మంది ఆమె వెనక మళ్ళారు. లచ్చవ్వ వాళ్ళు తమ సందులోకి దిగారు. చెంచాయన నిచ్చెన భుజాన వేసుకుని అసలు దారే వదిలేసి చేలకు అడ్డంగా గుట్టవైపు పోయాడు. నా భుజం మీద పటం చుట్ట ఉంది. చీలిక దగ్గర ఆగిపోయాను. భయమేసింది, ఎందుకు దాచాలి? వెనకనుంచి బాపు "ఇంటికి మలువురా" అన్నాడు. వెనక్కి, మా ఇంటివైపు మళ్ళాను. ఆ నాలుగడుగుల్లో ఎక్కిన సంతోషం నాకు జీవితంలో మళ్ళీ ఎక్కడా దొరకలేదు. స్వరాజ్యం వచ్చిందన్న రోజున కూడా ఇంత ఎక్కలేదు.

గడీ దారి ఖాళీ అయింది. ఆ దారిన తాత ఒక్కడే, చేతులూపుకుంటూ, గజ్జెల కర్ర ఆడిస్తూ, తన పాత వేగంతో పోయాడు.

ఆ సామాను తరువాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. చరిత్ర చదివినవాళ్ళు నన్ను తిట్టుకోవచ్చు. అజాయబ్‌ఘర్ మళ్ళీ తెరవలేదు. గోడ మీద నేను రాసిందంతా సున్నం కింద పోయింది. గాబులో లచ్చవ్వ జొన్నలు పోసుకుంది, రెండేళ్ళకు పగిలింది. నిచ్చెన తేనెకు పోయింది, మళ్ళీ చూసినవాళ్ళు లేరు. పటాన్ని మేము పండుగకు పండుగకు విప్పి చూసి మడతల దగ్గర చింపుకున్నాం. చిన్న చిన్న వస్తువులు ఇళ్ళల్లో కలిసిపోయాయి. భద్రంగా ఉండాలంటే గడీలోనే ఉండేవి, ఆ మాట నిజమే. తాతను ఒకసారి అడిగాను, బాధ లేదా అని. "వాళ్ళింట్ల వాళ్ళ చేతుల పగిలింది. బాధెందుకు?" అన్నాడు. అట్లా అన్నాక ఖాళీ గదిలోకి పోయి సున్నం కొట్టిన గోడను చేత్తో తడిమాడు. బాధ ఉంది. ఆ మాట కూడా రాయాలి.

ఆ రోజు గడీలో జరిగింది లచ్చవ్వ అల్లుడు, ఆ జవానే, తరువాత మాకు చెప్పాడు. తాత పోయి వాకిట్లో నిలబడ్డాడట.

"సామాను ఏదిరా?" అన్నాడు దొర.

"చేరింది దొరా."

"ఏడికి?"

"ఎవలది వాళ్ళింటికి."

గుమాస్తా మొహంలో నెత్తురు లేదట. దొర తాతను ఎండలో నిలబెట్టించాడు, చేతిలో కర్ర గుంజుకున్నారు. ఏం చేసేవాళ్ళో గానీ తాలూక్దారు మోటారు వచ్చేసింది. ఆయన దిగుతూనే "ఎవరీ ముసలాయన? ఎండలో ఎందుకు?" అని అడిగాడు. తాత సలాం చేసి చెప్పాడు: "హుజూర్ చూడొచ్చిన సామాను నాకు ఎరుక. గీడ లేదు. ఊళ్ళె ఉన్నది. నడుస్తె చూపిస్త."

"ఎంత దూరం?"

"ఒక్క భుజం గూడ లేదు హుజూర్."

తాలూక్దారుకు ఆ లెక్క అర్థం కాకపోయినా నచ్చింది. నడిచాడు. ఆయన నడుస్తుంటే దొర కూర్చోలేడు కదా. గుమాస్తా గొడుగు పట్టగా వెనకనే వచ్చాడు. మా ఇంటికీ వచ్చారు. నేను పటాన్ని కొంత కొంత విప్పుతూ మగ్గం మీద పరిచాను. తాలూక్దారు గుంట పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క బొమ్మ చూశాడు. తాత పక్కన నిలబడి "ఎవలింటిదంటె హుజూర్..." అని మొదలుపెట్టాడు. మా బాపు పేరును అంత పెద్ద మనిషి ముందర, దొర వినేట్టు పలికాడు. దొర మా గడపలో నిలబడి పైకప్పు చూస్తున్నాడు.

అక్కడినుంచి వాడకు. దొర అక్కడ ఆగిపోతాడనుకున్నాం. మా ఊరు పుట్టినప్పటినుంచి ఏ దొరా ఆ సందులో అడుగుపెట్టలేదు. తాలూక్దారు ముందు పోతుంటే ఆగడం కుదరలేదు. పంచె కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని, గోడలు తగలకుండా సందు మధ్యనుంచి నడిచాడు. ఊరు ఊరంతా వెనక నడిచింది.

పెద్దవ్వ వాకిట్లో పులి రాయి నిలబెట్టి ఉంది. అప్పటికే కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టారు. కోడిని కూడా కోశారు, రాయి పాదం దగ్గర నెత్తురు ఇంకా తడిగానే ఉంది. తాలూక్దారు చుట్టూ తిరిగి చూశాడు. డప్పును చాలాసేపు చూశాడు. తరువాత దొరవైపు తిరిగాడు.

"జాబులో రాసింది దీని గురించేనా? మీ ముత్తాత?"

"అవును హుజూర్" అన్నాడు దొర. సందు చివరినుంచి అన్నాడు.

"దగ్గరికి రండి. ఇక్కడ భుజం మీద పులి పళ్ళ గుర్తులు ఎంత బాగా చెక్కాడో చెయ్యి పెట్టి చూడండి."

దొర కదలలేదు. రాయిని చూశాడు, పసుపును చూశాడు, నెత్తురును చూశాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"అజీబ్ బాత్, వింత సంగతి" అన్నాడు తాలూక్దారు మెల్లగా. "తన తాతను ముట్టని మనుమణ్ణి ఇప్పుడే చూస్తున్న."

అప్పుడు తాత ముందుకు వచ్చాడు. ఆయన ఎవరి తరఫునా మాట్లాడలేదు. పెద్దవ్వ చెయ్యి పట్టి రాయి దగ్గరికి తెచ్చి, తాలూక్దారు ముందర నిలబెట్టి, ఆమెనే అడిగాడు.

"ఎవలింటిది అవ్వా?"

ఆమె రాయి తల మీద అరచెయ్యి ఆనించింది. "మా ఇంటిది. మా తాతల తాత. పేరు ఎల్లన్న. ఊరి పసుల కోసం సచ్చిండు. గీ దొర తాతల పసులు గూడ ఉన్నయి అండ్ల."

జనంలో ఎవరో ఈల వేశారు. ఎవరో ఏడ్చారు. నేను రెండోవాళ్ళలో ఉన్నాను. తాత మాత్రం తన పళ్ళు లేని నోటితో, ఎవరి భయమూ లేకుండా, సందంతా వినబడేట్టు నవ్వాడు. ఆ మనిషిని తలుచుకుంటే నాకు ముందుగా వినబడేది ఆ నవ్వే.

తాలూక్దారు తన బుక్కు తెప్పించి అక్కడే రాయించాడు. రాయి ఫలానా ఇంటిది, ఇక్కడే ఉండాలి, దీని మీద ఎవరూ ఏమీ చెక్కరాదు. కింద పెద్దవ్వ వేలిముద్ర వేసింది. ఊరి పెద్ద సాక్షి సంతకం కావాలన్నాడు. ఊరి పెద్ద ఎవరు? దొర. బుక్కు ఆయన చేతికి ఇచ్చారు, కలం ఇచ్చారు. చేతిలో పట్టుకుని రాస్తే కలం దిగలేదు. గాలికి కాగితాలు లేస్తున్నాయి. బుక్కు ఆనించుకోవడానికి దొర చుట్టూ చూశాడు. ఆ వాకిట్లో బల్ల లేదు, అరుగు లేదు. నడుమెత్తున ఉన్నది ఒక్కటే. తాలూక్దారు చూస్తున్నాడు. ఊరంతా చూస్తోంది. దొర కళ్ళు మూసుకున్నంత పని చేసి, పులి రాయి మీద బుక్కు పెట్టి, అది జారకుండా ఎడమ అరచెయ్యి పసుపులో ఆనించి, వంగి సంతకం చేశాడు.

"జర మెల్లగ దొరా" అంది పెద్దవ్వ. "మా తాతకు ఒత్తుకుంటది."